ఆరూ యాభై రెండు బండిలో మూల సీటు

"ఇవాళ కూడా నాలుగో తలుపు దగ్గరే నిలబడు. మూల సీటయితే తల ఆనించుకోవచ్చు" అన్నాడు యుకినోరి, దుప్పట్లోంచి మొహమైనా బయట పెట్టకుండా.

సరేనంది చిజురు. అప్పటికి ఆమె లేచి గంటన్నర అయింది. అన్నం వండి, గుడ్డట్టు చుట్టి, ఆయన మధ్యాహ్నం డబ్బా సర్ది, మిసో చారు గిన్నె మీద మూత పెట్టి, చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. కోటు వేసుకుని, మోకాలికి పట్టీ బిగించుకుని వీధిలోకొచ్చేసరికి ఆరు కావస్తోంది. స్టేషన్‌కి పావుగంట నడక.

హిసాగిదాయి స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫారానికి అటొక లైను, ఇటొక లైను. ఎడమవైపు వచ్చేది దూరపు ఊళ్ళ నుంచి నగరానికి వెళ్ళే లోకల్ బండి. ఇక్కడికి చేరేసరికే అందులో ఊపిరాడదు. తలుపు మూసుకోవడానికి ఉద్యోగి చేత్తో మనుషుల వీపులు లోపలికి నెట్టాల్సిందే. కుడివైపుది మెట్రో. కొన్ని మెట్రో బళ్ళు ఇక్కడి నుంచే బయల్దేరతాయి, ఖాళీ సీట్లతో. అందుకే ఆ బళ్ళకోసం జనం ముందుగా వచ్చి, నేలమీద గీసిన గీతల వెంట మూడేసి వరసల్లో నిలబడతారు. ఆరూ యాభై రెండు బండికి నాలుగో తలుపు దగ్గర మొదటి స్థానం కావాలంటే ఆరుంపావుకల్లా అక్కడుండాలి. పదకొండేళ్ళుగా ఆ స్థానం చిజురుది. పదకొండేళ్ళుగా ఒక్కరోజు కూడా ఆమె ఆ బండి ఎక్కలేదు. ఆరూ యాభైకి యుకినోరి వచ్చి బ్యాగు అంచుతో ఆమె మోచేతిని తాకుతాడు. ఆమె పక్కకి జరుగుతుంది, ఆయన ఆ చోట నిలబడతాడు. మనిషికి మనిషి మారితే వరసలో ఎవరికీ నష్టం లేదు గనక ఎవరూ ఏమీ అనరు. ఆయన ఎక్కి కూర్చుని, తలుపు మూసుకోకముందే కళ్ళు మూసుకుంటాడు. చిజురు ప్లాట్‌ఫారం టికెట్టు గేటులో వేసి ఇంటికొస్తుంది. ఆ టికెట్టు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, దీనితో బండి ఎక్కరాదని.

నిజం చెప్పాలంటే ఇది ఆయన అడిగింది కాదు. పదకొండేళ్ళ కిందట ఆయనకి వెన్నుపూస జారింది. సెలవులైపోయి, ఆఫీసుకి వెళ్ళక తప్పని మొదటి ఉదయం ఇదే ప్లాట్‌ఫారం మీద స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే జనానికి కనపడకుండా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అది చూసి చిజురు ఆయన చేతిలోని బ్యాగు అందుకుంది. "రేపటి నుంచి నేను ముందొచ్చి నిలబడతా. మీరు మెల్లగా రండి" అంది. ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే. అందుకామె ఇవాళ్టికీ సిగ్గుపడదు. రెండు చలికాలాలు గడిచేసరికి వెన్ను బాగైంది. ఆయన ఆదివారాలు కొండలెక్కుతున్నాడు. సీటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక వద్దని ఆయన అనలేదు, చాలని ఈమె అనలేదు. ఒకసారి ఆయన స్నేహితులు ఇంటికొచ్చి, ఆయన్ని ఇంటిపేరుతో పిలుస్తూ, "ఒనొదెరా, నీ అదృష్టమయ్యా!" అని వేళాకోళం చేస్తే, "మా ఆవిడకి పొద్దున్నే నిలబడ్డం అంటే సరదా. ఇంట్లో ఉండి చేసేదేముంది పాపం" అన్నాడాయన. అందరితోపాటు చిజురూ నవ్వి, వాళ్ళ గ్లాసుల్లో బీరు పోసింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ తనమీద తనకే ఒళ్ళు మండుతుంది. అత్తగారైతే ఫోనులో, "అమ్మాయ్, వర్షమని మానేసేవు సుమా! వాడు నిలబడి వెళ్తే సాయంత్రానికి మనిషి కాడు" అనేది. వర్షంలో నిలబడిన మనిషి సాయంత్రానికి ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

వరసలో ఆమె వెనకే ఎప్పుడూ తొగాషి గారు. అరవై దాటిన మనిషి, నగరంలో ఒక ఆసుపత్రి వంటగదిలో పని. చలికాలం తన కోటు జేబులోంచి, చేతులు వెచ్చబెట్టుకునే చిన్న సంచీని తీసి చిజురు చేతిలో కుక్కేది. "ఏమ్మా, అందరికంటే ముందొస్తావు, బండి మాత్రం ఎక్కవు. నీలాంటి ప్రయాణికురాల్ని నేనెక్కడా చూళ్ళేదు" అని నవ్వేది. ఆ రోజు మాత్రం చిజురు ఆమె చెవిలో, "సోమవారం నేనూ ఎక్కుతున్నా" అంది. చెబుతూంటే చిన్నపిల్లలా గుండె దడదడలాడింది.

పెళ్ళికి ముందు చిజురు బట్టల కంపెనీలో బట్ట కత్తిరించడానికి కాగితపు నమూనాలు గీసేది. మెడ వంపు గీయడంలో ఆమె చెయ్యి తిరిగిన చెయ్యి. అప్పటి స్నేహితురాలు హయామి నగరంలో చిన్న కుట్టుశాల పెట్టి, సోమ, బుధ, శుక్రవారాలు రమ్మని పిలిచింది. స్టేషన్ కౌంటర్లో తన పేరుతో పాసు తీసుకున్నప్పుడు చిజురు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. వద్దంటాడేమోనన్న బెంగతో ఆదివారం రాత్రి భోజనాల దగ్గర చెప్పింది.

యుకినోరి వద్దనలేదు. చేప ముల్లు తీసుకుంటూ, "మంచిదేగా, వెళ్ళు. ఎలాగూ స్టేషన్‌కి వస్తావు, నాకు సీటు పట్టి అదే బండెక్కు. కలిసొస్తుంది" అన్నాడు. ఆ కలిసి రావడం ఎవరికో ఆయనకి తట్టలేదు. మనసులో చెడు ఉన్న మనిషి కాదు. చేప నడిమి ముక్క తీసి ఆమె పళ్ళెంలో వేశాడు కూడా.

సోమవారం ఆయనకి చోటిచ్చి చిజురు వరస చివరికి వెళ్ళింది. చోటు ఒకరికిచ్చాక మళ్ళీ మధ్యలో దూరడం ఆ ఊళ్ళో ఎవరూ చేయని పని. ఎక్కేసరికి సీట్లన్నీ నిండాయి. ఎలాగో జనంలోంచి జరిగి భర్త ఎదుట, పైనుంచి వేలాడే పట్టీ పట్టుకుని నిలబడింది. యాభై నిమిషాల ప్రయాణం. ఆయన తల పక్క పలకకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎంత ప్రశాంతంగా ఉన్నాడో! ఇన్నేళ్ళు తాను తెల్లవారుజామున కొని తెచ్చిచ్చిన నిద్రని ఆమె చూడటం అదే మొదటిసారి. ముద్దొచ్చింది కూడా. ఇంతలో సొరంగం మలుపులో మోకాలు కలుక్కుమంటే పెదవి కొరుక్కుంది. ఆయన పక్క సీట్లో ఉన్న తొగాషి గారు అది చూసి లేచి నిలబడింది.

"కూర్చో అమ్మా."

"అయ్యయ్యో, మీరు లేవడమేంటండీ! వద్దు, కూర్చోండి."

"లేవాల్సినవాళ్ళు లేవకపోతే ఎవరో ఒకరు లేవాలిగా."

చిజురు ఆవిడ భుజాలు పట్టుకుని బలవంతంగా కూర్చోబెట్టింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి. అరవై దాటిన ఆడమనిషి, రోజంతా పొయ్యిల ముందు నిలబడబోయే మనిషి, తనకోసం లేచింది. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి మెలకువే రాలేదు. తప్పు ఆయనదేనా? లేపకుండా చూసుకున్నది తనే కదా. డబ్బా మూత చప్పుడు కాకుండా, తలుపు గొళ్ళెం చప్పుడు కాకుండా, మోకాలి నొప్పి చప్పుడు కాకుండా. ఆ రోజంతా కుట్టుశాలలో గీత గీసినప్పుడల్లా మోకాలు సలుపుతూనే ఉంది. చెయ్యి మాత్రం ఒక్కసారీ తప్పలేదు. సాయంత్రం హయామి ఆ మెడ వంపుని వెలుతురులో పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ చెయ్యి?" అంది.

బుధవారం వాన. నాలుగో తలుపు దగ్గర చిజురు మొదట, వెనక తొగాషి గారు. ఆరూ యాభైకి బ్యాగు అంచు మోచేతికి తగిలింది. ఆమె జరగలేదు. గమనించలేదనుకుని ఆయన మళ్ళీ తాకాడు. బండొచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

చిజురు తల తిప్పి, కొత్తవాళ్ళకి దారి చెప్పినంత మర్యాదగా, "వరస చివర అటుందండీ" అంది.

లోపలికి వెళ్ళి మూల సీట్లో కూర్చుంది. కిటికీలోంచి చూస్తే యుకినోరి గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జనం ఆయన పక్కనుంచి వెళ్తున్నారు. అక్కడ గొంతు పెంచడం ఆయన తరం కాదు, వరసలో చొరబడటం అసలే కాదు. చెవులు ఎర్రబడి, గిరుక్కున తిరిగి చివరికి నడిచాడు.

అందరికంటే ఆఖర్న ఎక్కి, తోసుకుంటూ ఆమె ముందుకొచ్చి పట్టీ పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. పక్క సీట్లోంచి తొగాషి గారు తల పైకెత్తి చూసేసరికి, తలుపు మీది స్టేషన్ల పటం వైపు చూపు తిప్పుకున్నాడు. కింద నుంచి చూస్తే ఆయన గడ్డం కింద తెల్ల వెంట్రుకలు కనిపించాయి. వయసు మీద పడుతోంది పాపం, అనుకుంది చిజురు. జాలేసింది. అయినా లేవలేదు. చెయ్యి చాచి ఆయన బ్యాగు, తడి గొడుగు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

మూడు స్టేషన్లు దాటాక యుకినోరి వంగి, ఆమెకి మాత్రమే వినపడేలా అడిగాడు. "నువ్వు రోజూ ఎన్నింటికొచ్చి నిలబడతావు?"

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న అదే మొదటిసారి.

"ఆరుంపావుకి."

ఆయన పట్టీ మీద వేళ్ళు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. "అయితే... ఐదున్నరకి లేస్తావా?"

"నాలుగున్నరకి. డబ్బా ఉందిగా."

బండి మలుపు తిరిగింది. ఆయన తూలి, రెండో చేత్తో కూడా పట్టీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. కాసేపటికి గొంతు మరీ తగ్గించి, "మరి రేపు?" అన్నాడు.

"రేపు నాకు పని లేదండీ" అంది చిజురు, తల మూలకి ఆనించి కళ్ళు మూసుకుంటూ. "పడుకుంటాను."