ఆకు కొలిచే రేకు

జలపతి స్కేలు వాడడు. ముప్పై ఏళ్ళుగా ఫారాల మీద గీతలన్నీ ఒక రేకుముక్కతోనే గీస్తున్నాడు. అది అగ్గిపెట్టె కంటే కాస్త పొడవు, మూలలు అరిగి గుండ్రబడ్డాయి. జగిత్యాల సర్వే ఆఫీసులో దాన్ని చూసి నవ్వని వాళ్ళు లేరు. ఆయన ఏమీ అనుకోకుండా దాన్ని తుడిచి, అట్ట క్లిప్పు కింద పెట్టుకునేవాడు. ఆ సాయంత్రం రిటైరయ్యే మనిషి, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి గీతలు గీస్తూ కూర్చున్నాడు.

కొత్త అధికారి సంధ్యారాణి పిలిచింది. సిరిసిల్ల పక్కనే ఉన్న తంగళ్ళపల్లి అమ్మాయి, లెక్కల్లో గట్టిది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కుటుంబాల ఆదాయాల్లో తేడాలు ఎందుకో తేల్చే నివేదిక రాస్తోంది. జలపతి ఇల్లిల్లూ తిరిగి నింపిన షీట్లను, అందరికీ దొరికే జనాభా లెక్కల పట్టికల పక్కన పెట్టి చూసింది.

"సార్, జనాభా లెక్కలల్ల కోరుట్ల గీ వార్డుల పనిజేసే ఆడోళ్ళు పందొమ్మిది మందే అని ఉన్నది. మీరు నూట పద్నాలుగు రాసిండ్రు. గింత తేడా ఉంటే మీ షీట్లు తీసెయ్యాల్సి అస్తది."

తీసేస్తే ఆ ఆడవాళ్ళ సంపాదన మళ్ళీ ఎక్కడా ఉండదు. మళ్ళీ రాయడానికి జలపతికి రేపు లేదు.

"తీసెయ్యుండ్రి మేడం. గని ఒక్కసారి నాతోని అచ్చి చూసినంక తియ్యుండ్రి" అన్నాడు.

మధ్యాహ్నానికి కోరుట్లలో రాజలక్ష్మి ఇంటి అరుగు మీద ఉన్నారు. రాజలక్ష్మికి యాభై దాటాయి. ఒళ్ళో చాట, చాటలో బీడీలు చుట్టే తునికాకు, తంబాకు. సంధ్యారాణి ఫారంలో ఉన్నది ఉన్నట్టే అడిగింది.

"ఏం పని చేస్తరమ్మా?"

"ఏం జెయ్య మేడం. ఇంట్లనే ఉంట. మా ఆయన మస్కట్‌ల ఉంటడు, గాయిన సంపాదనే." అలా చెబుతూనే ఆకు మీద రేకు పెట్టి చుట్టూ కత్తిరించింది, తంబాకు వేసి చుట్టింది, దారం కట్టింది. చేతులు ఎక్కడా ఆగలేదు.

సంధ్యారాణి ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది. జలపతి నెమ్మదిగా అడిగాడు.

"పొద్దుగాల నుంచి ఎన్ని అయినయ్ చెల్లే?"

"ఆరు వందలైనయ్ అన్నా. మాపటికి వెయ్యి జేసి కార్ఖానాల ఇచ్చి రావాలె." రాజలక్ష్మి నడుము నిటారైంది. "మస్కట్ పైసలు ఇల్లు కట్టుడుకే పోయినయ్ మేడం. ఇద్దరు బిడ్డలను సదివిచ్చింది మాత్రం నా బీడీలే."

సంధ్యారాణి చాటలోని రేకును చూసింది. తర్వాత జలపతి అట్ట మీది రేకును చూసింది. రెండూ ఒకటే కొలత.

తిరుగు బస్సులో జలపతి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జనాభా లెక్కలకు వెళ్ళి, కథలాపూర్‌లో తమ ఇంటి వివరాలు తానే రాశాడు. తల్లి బీడీలు చేస్తూనే, "నాదేం రాస్తవ్ రా, ఇంట్లనే ఉంట గద" అంది. పని లేదు అని రాసి సంతకం పెట్టాడు. ఆయన డిగ్రీ దాకా కట్టిన ప్రతి ఫీజూ ఆ చేతుల సంపాదనే. మళ్ళీ లెక్కలు వచ్చేదాకా ఆమె బతకలేదు. ఆమె ఆకు కొలిచిన ఈ రేకే మిగిలింది.

"గప్పటి సంది ఎవ్వలనూ ఏం పని అని అడుగలే మేడం. ఎన్ని అయినయ్ అనే అడిగిన" అన్నాడు. ఆ మాటలో సిగ్గు ఉంది, దానికి మించిన గర్వమూ ఉంది.

సంధ్యారాణి చేతిలోని ఫారం మడిచింది. "మా అమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టేది సార్. నా సదువు ఫారాలల్ల అమ్మ పని కాడ నేను గూడ ఇంటిపని అనే రాసిన" అంది.

సాయంత్రం ఆఫీసులో జలపతికి శాలువా కప్పారు, రెండు మంచి మాటలు చెప్పారు. నివేదికలో నూట పద్నాలుగు అలాగే ఉంది. ఆ రోజే సంధ్యారాణి సిరిసిల్ల షీట్లన్నీ వెనక్కి తెప్పించింది, మళ్ళీ అడిగి రాయడానికి. ఫారంలో ఏం పని అన్న ప్రశ్న కింద ఎన్ని అయినయ్ అన్న ఇంకో ప్రశ్న చేర్చాలి, గీత గీయాలి, స్కేలు కోసం చూసింది.

అప్పటికే జలపతి కథలాపూర్ బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆమె బల్ల మీద, కొత్త ఫారాల కట్ట పైన, అంచుల్లో ఇంకా తంబాకు మరక వదలని ఆ రేకుముక్క ఉంది.