స్వామి తానం

సంజీవమ్మ అత్త ఆవుకు ఇంకోసారి జ్వరం తగిలితే బతకడం కష్టమని పెద్ద డాక్టరుగారు తేల్చి చెప్పారు. చెప్పి జీపెక్కి వెళ్లిపోయారు. కొట్టంలో మిగిలింది నిండు చూలుతో ఉన్న మల్లి, దాని మెడ నిమురుతూ కళ్లు తుడుచుకుంటున్న అత్త, ఒళ్లు మండిపోతున్న నేను.

నా పేరు మసరత్. మైలవరం డ్యాం ఒడ్డునున్న ఈ పల్లెకు పశువుల ఆసుపత్రి అసిస్టెంటుని. రోజూ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. నాకు ముక్కు మీదే కోపమని మా అమ్మ అంటుంది. నిజమే కానీ, మనుషుల మీద అంతగా ఉండదు. పిడుదుల మీదే.

డ్యాంలో నీళ్లు దిగేకొద్దీ ఒడ్డున పచ్చగడ్డి లేస్తుంది. చుట్టుపక్కల మందలన్నీ అక్కడికే చేరతాయి. మందలు చేరిన చోట పిడుదులూ చేరతాయి. చెవుల్లో, తోక కింద, పొదుగు సందుల్లో కరుచుకుని నెత్తురు తాగుతాయి. తాగి ఊరుకుంటే బాగుండును, జ్వరం కూడా అంటించి పోతాయి. నాటు ఆవులు ఎలాగో తట్టుకుంటాయి గానీ జర్సీ ఆవులకు అంత ఓపిక లేదు. మల్లి జర్సీది. పుట్టగానే తల్లి పోతే అత్త సీసాతో పాలు పట్టి పెంచింది. ఇదే దానికి తొలిచూలు. ఒకసారి జ్వరం వచ్చి, చావు అంచు దాకా పోయి తిరిగొచ్చింది.

అందుకే నేను ఆ కొట్టం మీద యుద్ధం ప్రకటించాను. మల్లి ఒంటికి మందు పట్టించాను. గోడల సందులన్నీ మట్టితో మెత్తించి, సున్నం కొట్టించాను. అత్త భర్త చిన్నసుబ్బయ్య మామ గొర్రెలన్నిటికీ మందు పోయించాను. వారం తిరిగేసరికి మల్లి చెవిలో మళ్లీ శనగగింజంత పిడుదు, అత్తవారింట్లో అల్లుడిలా దర్జాగా కూర్చుని ఉంది.

"నీ మందు పని చేయల్యా పాపా," అంది అత్త.

"మందు మంచిదే అత్తా. ఇవి యాడ నుంచి వస్తాండాయో అర్థం కాలేదు," అన్నాను. ఆమెతో మాట్లాడేటప్పుడు నాకూ ఆ యాస వచ్చేస్తుంది.

ఇక్కడ స్వామి గురించి చెప్పాలి. స్వామి అంటే పొట్టేలు. మామ దాన్ని అమ్మవారికి మొక్కుకున్నాడు. ఉన్ని జాతిది. వచ్చే జాతరలో అమ్మవారి గుడి ముందు తొలి బొచ్చు తీయించి, ఆ తర్వాత బతికినన్నాళ్లూ మంద వెంట వదిలేయాలని మొక్కు. అంతదాకా దాని మీద కత్తెర పడదు. అది ఏ ఇంట్లోకైనా పోతుంది, ఏ పళ్లెంలోనైనా మూతి పెడుతుంది, ఎవరూ ఏమీ అనరు. రాత్రి పడక మాత్రం మల్లి కొట్టంలోనే, గాలి బాగా తగిలే మూల. గొర్రెలకు మందు పోసేటప్పుడు దాన్నీ పట్టుకురమ్మంటే మామ, "అది మన మందలోది కాదమ్మా, అమ్మోరిది," అన్నాడు. నేనూ సరేనని దాన్ని లెక్కలోంచి వదిలేశాను.

ఓ సాయంత్రం ఆటోలో జైబున్నీసా పిన్నమ్మ నా పక్కన కూర్చుంది. మైలవరంలో గాజులమ్మి జమ్మలమడుగుకు తిరిగిపోయే మనిషి. ఊరి కబుర్లు చెబుతూ చెబుతూ నా చున్నీ చూసి ఆగిపోయింది.

"ఏందమ్మీ అది? నడుస్తాండాది?"

పిడుదు. తాపీగా ఆమె వైపే పోతోంది. పిన్నమ్మ ఆటో ఆపించింది.

"నువ్వన్నా దిగు, నేనన్నా దిగుతా," అంది. ఆమె గాజుల పెట్టె పెద్దది. నేనే దిగాను.

రోడ్డు పక్కన నిలబడి చున్నీ దులుపుకుంటూ ఆమెను కాసేపు తిట్టుకున్నాను. తిట్టుకుంటుండగానే ఒక సంగతి తట్టింది. ఆ రోజంతా ఆఫీసులో రాతపని. ఏ పశువునూ ముట్టుకోలేదు. మధ్యాహ్నం అరుగు మీద అన్నం తింటుంటే వచ్చి నా అరటిపండు తినేసి, మూతి నా చున్నీకి తుడుచుకుపోయిన జీవం ఒక్కటే.

పొద్దున్నే పోయి స్వామి మెడ దగ్గర ఉన్ని పాయ తీసి చూశాను. వేపగింజలు ఆరబోసినట్టున్నాయి. నేను ఊరంతా మందు చల్లుతుంటే, ఇది ఇంటింటికీ పిడుదులు పంచుతోంది.

"మామా, దీనికి బొచ్చు తీపించి మందు పూయాల," అన్నాను.

"కత్తెర మాట ఎత్తొద్దు డాక్టరమ్మా. జాతర దాకా దాని మీద కత్తెర పడగూడదు, సూది దిగగూడదు. అమ్మోరికి మాటిచ్చినా."

"మల్లి పోతే అత్తకేం చెప్తావు?"

మామ తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు మాత్రం బాధ ల్యాదనుకుంటాండావా? రెండేండ్ల కింద నా మందంతా రోగమొచ్చి పాయ. ఇదొక్కటే లేచి నిలబడె. దీన్ని నిలబెట్టు తల్లీ అని మొక్కుకుంటి. ఇప్పుడు మాట తప్పి, మళ్లా ఏమన్నా అయితే?"

నోట్లో సిద్ధంగా పెట్టుకున్న నాలుగు మాటలూ మింగేశాను. ఆయన భయం, నా భయం ఒకటే. ఇద్దరం జీవాలు పోతాయనే భయపడుతున్నాం. అలాంటి మనిషి మీద కోపం ఎలా నిలుస్తుంది?

అంతలో అత్త నీళ్లచెంబు కింద పెట్టి బయటికొచ్చింది.

"కత్తెర వద్దంటివి. సూది వద్దంటివి. తానం గూడా వద్దని అన్యావా అమ్మోరితో?"

మామ మొక్కు మాటలు ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"తానం మాట రాల్యా ఆ పొద్దు," అన్నాడు చివరికి.

"అయితే తానం జేపిద్దాం. పసుపు, యాపాకు, ఈ పాప ఇచ్చే మందు."

"మందు నీళ్లల్లో కలిపేదేనా?" మామ నన్నడిగాడు.

"నీళ్లల్లో కలిపేదే మామా."

మామ లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. ఆ ముఖంలో బరువు దిగిపోవడం నేను కళ్లారా చూశాను.

"అట్లయితే ఊరికే బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే కుదర్దు. అమ్మోరి పొట్టేలు. తప్పెట్లుండాల," అన్నాడు.

అక్కడితో ఆగలేదు. స్వామి తానం చేసిన నీళ్లలోనే చుట్టుపక్కల మందలన్నీ దిగాలని ఊరూరా చెప్పి వచ్చాడు. అన్ని మందలనూ ఒకే రోజు మందునీళ్లలో ముంచాలని నేను ఏడాదిగా బతిమాలుతున్నాను. ఒకరికి ఎండ, ఒకరికి పెళ్లి, ఇంకొకాయన గొర్రెలకు జలుబు. ఇప్పుడు పిలవని ఊర్ల నుంచి కూడా వచ్చారు.

డ్యాంలో మందు కలిస్తే చేపలు చస్తాయి కాబట్టి, నీళ్లకు బాగా దూరంగా మెట్టన గుంత తవ్వించాను. టార్పాలిన్ పరిచి మందు నేనే కొలిచి పోశాను. ఊళ్లో తప్పెట కొట్టే తిరుపాల్ వాయించడం మొదలుపెట్టాడు. స్వామి మెళ్లో బంతిపూల దండతో, రెండు వందల గొర్రెల ముందు పెళ్లికొడుకులా నడిచి వచ్చాడు. గుంత కనపడేదాకానే ఆ మర్యాద. నీళ్లు చూడగానే వెనక్కి తిరిగాడు. మామ కొమ్ములు పట్టుకుని, "రా స్వామీ, రా నాయనా," అని బుజ్జగించాడు. స్వామి ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. ఇద్దరూ కలిసే గుంతలో పడ్డారు.

తిరుపాల్ తప్పెట ఆపలేదు, ఇంకా జోరుగా కొట్టాడు. అత్త అయితే కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూర్చుండిపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే మామను పైకి లాగించి, సబ్బుతో రెండుసార్లు ఒళ్లు తోమించాను. ఈ ఊర్లో ఆ పొద్దు అందరికంటే శుభ్రంగా ఉన్న మగవాడు ఆయనే.

అసలు గండం అప్పుడొచ్చింది. స్వామి తానమాడిన నీళ్లంటే తీర్థమే కదా. ఆడవాళ్లు గ్లాసులు తీసుకుని గుంత దగ్గరికి బయలుదేరారు. నేను చేతులు బారజాపి అడ్డం నిలబడి అరిచాను. నన్ను పక్కకు జరపబోయారు కూడా. సంజీవమ్మ అత్త మాత్రం తొణకలేదు. వేపకొమ్మతో ఒక బిందె తెచ్చి మధ్యలో పెట్టింది.

"తానానికి ముందే ఈ నీళ్లతో స్వామి కాళ్లు కడిగినా. వట్టి పసుపు నీళ్లు. ఇవి మనుషులకు, నెత్తిన చల్లుకోండి. ఆ గుంతలోవి జీవాలకు," అంది.

ఆ ఆలోచన నాకు రాలేదు. వచ్చిందని మా పెద్ద డాక్టరుగారికి చెప్పుకున్నాను, అది వేరే సంగతి. పొద్దు వాలేదాకా మందలు ఒకదాని వెనుక ఒకటి గుంతలో దిగి, తుమ్ముకుంటూ అవతలికెక్కాయి. ఆఖరున గుంత పూడ్పించి పైన ముళ్లకంప వేయించాను. స్వామి పడక కూడా ఆ రాత్రే కొట్టం బయటికి మారింది.

కానీ ఒక్కసారితో పిడుదుల కథ ముగియదు. నేల మీద ఉన్న గుడ్లు పగిలి కొత్తవి వస్తాయి. కొన్నాళ్లాగి ఇంకోసారి ముంచాలి. రెండోసారి కూడా తప్పెట్లతో కదిలిరమ్మంటే వస్తారా? ఆ గడువు దగ్గరపడిన పొద్దు బస్సులో దారి పొడవునా మామకు చెప్పాల్సిన మాటలు వరుసగా పేర్చుకున్నాను.

అత్త ఇంటికి పోతే ఎవరూ పలకలేదు. వాకిట్లో అత్త లేదు, మామ లేడు. పేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి కొట్టంలోకి పరిగెత్తాను.

మల్లి నిలబడి ఉంది. దాని ముందు కాళ్లు నిలదొక్కుకుంటున్న కోడెదూడ, పక్కనే అత్త. మామ కళ్లద్దాలు పెట్టుకుని, దూడ చెవి మడిచి లోపల వెతుకుతున్నాడు.

"తెల్లారుజామున ఈనింది డాక్టరమ్మా. నేను చూసినా గానీ నా కండ్లు నమ్మబుద్ధి కాల్యా. నువ్వు చూడు," అన్నాడు.

మల్లి చెవులు చూశాను. తోక ఎత్తి చూశాను. పొదుగు సందుల్లో వేళ్లు పెట్టి వెతికాను. జ్వరం చూశాను. దూడను ఒళ్లో వేసుకుని మళ్లీ మొదటి నుంచీ వెతికాను. కళ్లలో నీళ్లు తిరిగి సరిగ్గా కనపడక, ఇంకోసారి వెతికాను.

"దొరకల్యా?" అంది అత్త.

"ఒక్కటి గూడా దొరకలేదత్తా."

ఏమీ దొరకనందుకు ముగ్గురం అంత సంతోషంగా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందుగా మామ లేచాడు.

"కూచుంటే యెట్ల? స్వామికి రెండో తానం ఉండాది గదా. తిరుపాలు మంట కాడ తప్పెట కాపుతాండాడు," అన్నాడు.

సాయంత్రం ఆటోలో జైబున్నీసా పిన్నమ్మ నన్ను చూడగానే ఆ అంచుకు జరిగింది. నా ఒళ్లో స్టీలు డబ్బా ఉంది.

"ఏముండాది దాంట్లో?" అంది అనుమానంగా.

"జున్ను. సంజీవమ్మ అత్త ఆవు ఈనింది. దూడ తాగంగా మిగిలిన పాలతో చేసిచ్చింది."

బెల్లం, యాలకుల వాసన ఆటోలో కమ్ముకుంది. పిన్నమ్మ కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. నా చున్నీ కొస అందుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, అంచు మడతలు కూడా విప్పి చూసింది. పొద్దున నేను మల్లిని చూసినట్టే చూసింది.

"ఏమీ ల్యాదు," అని చెయ్యి చాపింది. "పెట్టు ఇంక."