కట్టలో కలపని కార్డు

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. వంటింట్లో మామ్మ మహాలక్ష్మమ్మ, వసారా చివరి గదిలో బట్టలు సర్దుకుంటున్న మామ్మ కూతురు సారిక అత్త, వాళ్ళిద్దరి మధ్యా తిరుగుతున్న హారతి. గోడ మీద ఫోటోలో ఉన్న తాతయ్య జోగేశ్వరరావుని కూడా కలుపుకుంటే నలుగురు. అమ్మా నాన్నా పొద్దున్నే చేలోకి వెళ్ళిపోయారు. కోత మిషను ఆ ఒక్క రోజుకే దొరికింది మరి, మళ్ళీ వానలంటున్నారు.

అత్త మూడింటి బస్సుకి వెళ్ళిపోతోంది. కొవ్వూరులో ఏదో ఆఫీసులో ఉద్యోగం దొరికిందట, కిటికీలోంచి గోదావరి కనిపించే గది కూడా చూసుకుందట. కొవ్వూరు ఎంత దూరం గనక. తణుకులో బస్సు మారితే గంటన్నర. అయినా పొద్దుటి నుంచీ హారతి గడియారం వైపే చూస్తోంది. అత్త వచ్చి నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో అత్తా మామ్మా ఎదురెదురుగా ఒక్క మాట కూడా అనుకోలేదు. ఇలా మాటల్లేకుండా గుమ్మం దాటితే మళ్ళీ ఈ ఇంటికి రాదు చూడు అని నాన్న అమ్మతో అనడం హారతి విన్నది.

అలాగని ఇంట్లో మాటలే లేవనుకోవడానికి లేదు. అన్నీ హారతి మీదుగా నడిచేవి. అత్త మూడడుగుల దూరంలో పీట మీద కూర్చుని ఉండగానే, ఇంకాస్త పప్పు వేయించుకుంటుందేమో మీ అత్తని అడగవే అనేది మామ్మ. చాలని చెప్పమ్మా అనేది అత్త. హారతి ఆ మాటని మళ్ళీ పైకి అనాలి, అప్పుడుగానీ గరిటె వెనక్కి వెళ్ళేది కాదు. ఒకసారి హారతి ఏదో ఆలోచనలో పడి చెప్పడం మర్చిపోతే, గరిటె అలాగే గాల్లో ఉండిపోయింది. ఊళ్ళో ఎవరితోనూ నోరు విప్పని పిల్లకి ఇంట్లో ఇద్దరి మాటలు మోసే పని పడింది.

గొడవ పేకల దగ్గర మొదలైంది. బెంగుళూరులో ఉద్యోగం మానేసి వచ్చిన రోజున అత్త పెట్టె విప్పుతుంటే, ఎర్ర గుడ్డలో చుట్టిన కార్డుల కట్ట ఒకటి కింద పడి నేల మీద పరుచుకుంది. మామ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. తాతయ్య పేకాట గురించి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. రైసుమిల్లు అరుగు మీద కూర్చుంటే అన్నం వేళకి కూడా లేచేవాడు కాదట. ఆయన పోయిన రోజునే మామ్మ ఇంట్లో ఉన్న పేకలన్నీ పొయ్యిలో పెట్టి, ఈ గడప లోపల మళ్ళీ ముక్క కనిపిస్తే నేను మనిషిని కానంది. అవి ఆడుకునే పేకలు కావని అత్త చెప్పబోయింది. మామ్మ వినలేదు. ఆ కట్ట ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను మీ అత్తతో మాట్లాడనని హారతితో చెప్పి వెళ్ళిపోయింది. ఆ కబురుతోనే హారతి ఉద్యోగం మొదలైంది.

అవి టారో కార్డులు. మొత్తం డెబ్భై ఎనిమిది. ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ. బెంగుళూరులో అత్తకి ఎవరూ లేని రోజుల్లో, పక్క వాటాలో ఉండే ఒకావిడ నేర్పిందట. ఆవిడా ఆవిడ స్నేహితులూ తమని పేగన్లమని చెప్పుకుంటారట. అంటే నేలకీ నీళ్ళకీ చెట్లకీ చంద్రుడికీ దణ్ణం పెట్టుకునేవాళ్ళని అత్త చెప్పింది. హారతికి అందులో కొత్తేమీ కనిపించలేదు. నాట్లు వేసే ముందు మామ్మ గట్టు మీద పసుపూ కుంకుమా చల్లి చేనుకి దణ్ణం పెట్టదా? పౌర్ణమి నాడు చంద్రుణ్ణి చూడందే ముద్ద ముట్టదు కదా? ఆ మాటంటే అత్త నవ్వి, మీ మామ్మకి తెలీదు గానీ తనే పెద్ద పేగన్ అంది. ఆ కబురు మాత్రం హారతి మోయలేదు.

రోజూ పొద్దున్న స్నానం చేసి వచ్చి అత్త కిటికీ గట్టు మీద దీపం పెట్టేది. పక్కన రాగి చెంబులో కాలవ నీళ్ళు, చిన్న మూకుడులో చేలోంచి తెచ్చిన మట్టి, ఒక కొంగ ఈక. కళ్ళు మూసుకుని ఒక నిమిషం కూర్చుని, కార్డులు కలిపి హారతి ముందు పరిచేది. ఒకటి తియ్యి అనేది. రేపేం జరుగుతుందో ఇవి చెప్పవు, ఇవాళ దేన్ని శ్రద్ధగా చూడాలో గుర్తు చేస్తాయి, అంతే అనేది. ఒక రోజు పిడుగు పడి కూలిపోతున్న బురుజు వచ్చింది. హారతి భయపడి మధ్యాహ్నం దాకా చూస్తే, గేదె తన్ని పాల తపేలా బోర్లా పడింది. చూశావా, పిడుగంటే ఇంతే, తుడుచుకుంటే పోతుందని ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకో రోజు లాంతరు పట్టుకుని కొండ మీద ఒంటరిగా నిలబడ్డ ముసలాయన వచ్చాడు. అత్త ఆ బొమ్మని హారతి చేతిలో పెట్టి, ఇతను ఎవరితోనూ మాట్లాడడు, అయినా ఇతని దగ్గర దీపం ఉంది చూడు అంది. స్కూల్లో మాస్టార్లందరూ నోట్లో నాలుక లేదా అనే పిల్ల ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకుంది.

ఆ డైరీలో ప్రతి రోజుకీ ఒక కార్డు ఉంది. ఏది వచ్చింది, అత్త ఏమంది, ఆ రోజు ఏం జరిగింది. ఆ పుస్తకాన్ని హారతి ఎవరికీ చూపించదు. బట్టల అడుగున దాస్తుంది.

ఒక్క కార్డుని మాత్రం అత్త కట్టలో కలిపేది కాదు. పండిన చేలో మెత్తల మీద కూర్చున్న ఒకావిడ బొమ్మ అది. నెత్తి మీద చుక్కల కిరీటం, వెనకాల చిన్న కాలవ. దాన్ని మహారాణి అనేది. మిగతావన్నీ గుడ్డలోకి వెళ్ళిపోయినా ఆవిడ మాత్రం దీపం పక్కన గోడకి ఆని ఉండేది. రోజూ ఒక మందార పువ్వు కూడా. ఎందుకని మొదటి రోజే అడిగి, అత్త చెప్పింది చెప్పినట్టు రాసుకుంది హారతి.

పదకొండు రోజుల కిందట ఆ కార్డు కనిపించకుండా పోయింది. పువ్వు ఉంది, ఆవిడ లేదు. అత్త మంచం కిందా పెట్టెలోనూ వెతికి, చివరికి నువ్వేమైనా తీశావా హారతీ అని అడిగింది. మెల్లగానే అడిగింది. తీయలేదని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కానీ ఎవరైనా సూటిగా అడిగితే హారతి చూపు నేల మీదికి దిగిపోతుంది. ఆ రోజూ అదే అయింది. లేదత్తా అన్న మాట బయటికి వచ్చేసరికే అది అబద్ధంలా వినిపించింది, తనకే. అత్త సరేలే అంది. తిట్టలేదు, మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి హారతి లేచేసరికే దీపం వెలిగి ఉండేది, కార్డులు గుడ్డలో చుట్టి ఉండేవి. డైరీలో పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఆ పొద్దున మామ్మ సున్నుండలు చేస్తోంది. ఎవరికి మామ్మా అంటే, మీ నాన్నకి, కోతల్లో ఒళ్ళు అలిసిపోతుందిగా అంది. నాన్న సున్నుండ ముట్టడని ఇంట్లో అందరికీ తెలుసు. అత్తకి చిన్నప్పటి నుంచీ అవంటే ప్రాణమని కూడా తెలుసు. వేయించిన మినుములు చాలలేదని, ముందున్న డబ్బాలోంచి ఇంకో సోలెడు తెమ్మంది మామ్మ. ఆ డబ్బాలో అడుగున గుప్పెడే ఉన్నాయి. వెనకాల ఇంకో పెద్ద డబ్బా ఉంది కదా అని హారతి దాని మూత తీసి, సోల లోపలికి దించింది. మినుముల్లో ఏదో పలచగా తగిలింది. లాగితే నల్లటి మినుముల్లోంచి చుక్కల కిరీటం బయటికి వచ్చింది.

హారతికి మొదట కలిగింది సంతోషం. వసారాలోకి పరిగెత్తి, ఇదిగో అత్తా, నేను తీయలేదు, చూడు అనాలనిపించింది. రెండడుగులు వేసింది కూడా. అప్పుడు తట్టింది, ఆ డబ్బాలో మామ్మ తప్ప ఎవరూ చెయ్యి పెట్టరని. ఇది తీసుకెళ్ళి ఇస్తే తన మీద నింద పోతుంది. అది మామ్మ మీద పడుతుంది. అత్త ఆ కార్డుని పెట్టెలో వేసుకుని, ఇంకో మాట లేకుండా బస్సెక్కేస్తుంది.

వెనక్కి తిరిగి చూసేసరికి మామ్మ నేతి చేతులతో అలాగే కూర్చుని ఉంది. చూడాల్సింది చూసేసింది. తాతయ్య పేకల్లోంచి కూడా ఇలాగే ఒక ముక్క తీసి మినుముల్లో దాచేదాన్నని చెప్పింది, తలెత్తకుండానే. ఒక ముక్క తక్కువైతే ఆట సాగదట. లెక్క చూసుకుని అందరూ లేచిపోయేవారట, ఆయన ఇంటికొచ్చి అన్నం తినేవాడట. ఎన్నిసార్లు పోయినా ఏమైందని ఒక్కసారీ అడగలేదట. కొత్త కట్ట కొనేవాడట, మామ్మ అందులోంచీ ఒకటి తీసేదట. ఇదొక్కదాన్నే విడిగా పెట్టి పువ్వు కూడా పెడుతోంది కదా, జోకరేమో అనుకున్నానంది మామ్మ. జోకరు లేకపోతే ఆట ఆగిపోతుందనుకుంది పాపం.

"ఆగలేదు మామ్మా," అంది హారతి. "మిగతావాటితో రోజూ తీస్తూనే ఉంది."

మామ్మ మినప పిండిలో వేళ్ళు అలాగే ఉంచేసింది.

హారతి గదిలోకి వెళ్ళి బట్టల అడుగు నుంచి డైరీ తీసింది. ఆ పుస్తకంలోంచి ఇప్పటివరకూ ఎవరికీ ఒక్క అక్షరం చదివి వినిపించలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి మొదటి పేజీ తెరిచింది. అక్షరాలు కనిపించనట్టు ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. నిజానికి తన ముఖం మామ్మకి కనిపించకూడదని.

"మహారాణి కార్డుని అత్త మిగతావాటితో కలపదు. ఎందుకని అడిగాను. ఇది మా అమ్మ, చేలో కూర్చుంది చూడు అంది. బెంగుళూరులో రోజూ పొద్దున్న ముందు ఈవిడ ముఖమే చూసేదాన్ని అంది. అమ్మని తీసుకెళ్ళి కట్టలో ఎలా కలుపుతానే అంది."

చదవడం అయిపోయింది. పొయ్యి మీద నెయ్యి చిటపటలాడుతోంది. మామ్మ లేచి స్టవ్ ఆపింది. చేతులు కడుక్కుని, కొంగుతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుని, చెయ్యి చాపింది. హారతి కార్డు ఇచ్చింది. మామ్మ దాన్ని వెలుతురు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. అంచుకి పట్టిన మినప పొట్టుని గోటితో గీకింది.

"నేనింత లావుగా ఉన్నానటే?" అంది.

హారతికి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

మామ్మ పళ్ళెంలో నాలుగు సున్నుండలు పెట్టి, పక్కన కార్డు నిలబెట్టి, వసారా వెంట నడిచింది. హారతి వెనకాలే వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు. నలభై రోజుల అలవాటు, ఈవిడ ఒక మాటంటే ఆవిడకి చెప్పాలి కదా. చివరి గదిలో అత్త పెట్టె జిప్పు వేస్తోంది. కిటికీ గట్టు మీద దీపం తీసేసింది, చెంబు బోర్లించి ఉంది. గుమ్మంలో తల్లిని చూసి నిటారుగా నిలబడింది. పళ్ళెంలో ఉన్నదాన్ని మాత్రం ఇంకా చూడలేదు.

"మామ్మకి ఏం కావాలో అడుగు హారతీ," అంది.

హారతి నోరు తెరిచింది.

"దాన్నెందుకే మధ్యలో," అంది మామ్మ. "అది తియ్యలేదు సారికా. నేనే తీశాను."

అత్త పళ్ళెం వైపు చూసింది. తర్వాత హారతి వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు హారతి మీదే ఉంది, ఈసారి హారతి తల దించుకోలేదు. మామ్మ అప్పటికే గడప దాటి లోపలికి వెళ్ళి మంచం మీద పళ్ళెం పెట్టేసింది. ఏ కబురూ చేతిలో లేకుండా హారతి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి ఒక అడుగు వెయ్యబోయింది.

"నువ్వెళ్ళి ఆ మినుములు వేయించు," అని మామ్మ వెనక్కి వచ్చి, హారతి ముఖం మీదే తలుపు వేసేసింది.