కడబంతి

మావాడు కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. ఆఫీసులో రాసేవి ఎవరికోసమో నాకు తెలియదు. ఇంట్లో రాసేవి మాత్రం తెలుసు. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది. గ్యాసు బండ అయిపోకముందే కొత్త బండ బుక్కవుతుంది. కుక్కరు కూతలను ఫోను లెక్కపెట్టి, ఇక దించమని చెబుతుంది. మాత్రల వేళకు గోడమీది చిన్న పెట్టె వాడి గొంతుతోనే 'అమ్మా, తెల్ల మాత్ర' అంటుంది. వాడు పక్కగదిలో ఉన్నా అదే చెప్పాలి. లేచి వచ్చి చెప్పే తీరిక వాడికి లేదు. ఇంకో పెట్టె తయారు చేస్తూ ఉంటాడు.

నేను సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. టికెట్టు లేనివాణ్ణి దింపేశాను. ఏడ్చినా దింపేశాను. ఈ పెట్టెల ముచ్చట నాకు పట్టలేదు. మా ఆవిడకు మాత్రం మురిపెం. గది మూలన ఎప్పుడూ వెలుగుతూ ఉండే పాత ల్యాప్‌టాప్‌కు 'పెద్దకోడలు' అని పేరు పెట్టింది. తిండి అడగదు, నగలు అడగదు, పుట్టింటికి పోతాననదు అని మెచ్చుకునేది. ఎదురు కూడా చెప్పదన్నాను నేను.

"అదే లోటు. ఎదురు చెప్పని కోడలు ఇంటికి అందమా?" అంది.

ఆమెకు గుండెలో కవాటం పాడైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. మాబోటివాళ్లు వెళ్లగలిగిన గుండె ఆస్పత్రి ఒక్కటే, సర్కారుది. ఒకప్పుడు దాని కిటికీ ముందు తెల్లారకముందే జనం బారులు తీరేవాళ్లు. బారులు చూడ్డానికి బాగాలేవని పెద్దలకు తోచింది. కిటికీ మూసి తేదీలన్నీ ఫోన్లోకి ఎక్కించారు. పొద్దున్నే తెరుస్తారు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేలోగా అయిపోతాయి. కిటికీ దగ్గరైతే కనీసం ముందున్నవాడి వీపు కనపడేది.

మావాడు దానికీ ఒక ప్రోగ్రాం రాసి పెద్దకోడలిలో పెట్టాడు. ఆస్పత్రి పేజీని అది పగలూ రాత్రీ కాచుకుని ఉంటుంది. తేదీ కనపడగానే లాక్కుంటుంది. మొదటి తేదీ వాళ్లమ్మకే పట్టింది, డాక్టరుకు చూపించుకోవడానికి. ఆ సంగతి మా ఆవిడ కింద ఇస్త్రీ కొట్టామెతో చెప్పింది. ఇస్త్రీ కొట్టులో చెప్పడమూ వీధిలో చాటింపు వేయడమూ ఒకటే. రెండిళ్లవతల ఉండే ముసలాయన వచ్చాడు, ఆయన వెంట ఆయన వియ్యంకుడు వచ్చాడు, తరవాత ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చారు.

మావాడు ఎవరినీ కాదనలేదు. ముందు అడిగినవాళ్లకు ముందు అని ఒక వరస పెట్టాడు. ఎవరు ఎక్కడున్నారో ఎవరి ఫోన్లో వాళ్లకు కనపడుతుంది. మా పేటలో పెద్దమనిషి ఒకడు మనిషిని పంపి తన బావమరిదిని ముందుకు జరపమన్నాడు. మావాడు ఆ బావమరిదిని చివర్లోనే నిలబెట్టాడు. వీధంతా మెచ్చుకుంది. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉండింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆపరేషను చేయాలన్నాడు, ఆలస్యం చేయవద్దన్నాడు. ఆ తేదీ కూడా ఫోన్లోనే పట్టుకోవాలట. ఇంటికొచ్చి మావాడు వాళ్లమ్మ పేరు ఎక్కించాడు. ఎక్కడని అడిగాను. చివర అన్నాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ సామెత కట్టినవాడికి నా కొడుకులాంటి కొడుకు ఉండి ఉండడు.

"తల్లిరా" అన్నాను.

"అందరూ ఎవరికో ఒకరికి తల్లో తండ్రో కదా నాన్నా."

"ఈ మిషను పుట్టిందే ఆమె కోసం."

వాడు ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. ఆమె మాత్రం, వాణ్ణి తిట్టకండి, మీ కొడుకే కదా, ఎవరి పోలిక వస్తుంది అంది. నాకు ఒళ్లు మండింది.

ఇంకోచోట ఇంకో మిషను పెట్టి దానిలో ఒక్క అమ్మ పేరే పెట్టమన్నాను. స్నేహితుడింట్లో పెట్టాడు. మర్నాటికే ఆస్పత్రి కంప్యూటరు దాన్ని పసిగట్టి తలుపేసేసింది. మరి మనింట్లోది ఎందుకు పట్టుబడలేదన్నాను. తెలియదన్నాడు. నువ్వేగా రాశావన్నాను. రాసింది నేనే, ఎందుకు వదిలేస్తున్నారో మాత్రం తెలియదన్నాడు. చివర పేరు చేర్చడానికి ఆపనక్కర్లేదు, వరస మార్చాలంటే మాత్రం దాన్ని ఒకసారి ఆపాలి. ఆపి మళ్లీ పెడితే లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు. అప్పుడు అమ్మకూ ఉండదు, ఎవరికీ ఉండదు.

"నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు నాన్నా. మా పనిలో మొదట నేర్చుకునేది అదే."

దీపం కొండెక్కుతుందేమోనని చూసుకున్నట్టు వాడు ఆ ల్యాప్‌టాప్‌ను చూసుకునేవాడు. దాని మీద దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు.

వరస కదిలింది, నత్త కదిలినట్టు. మా ఆవిడకు పడుకుంటే ఊపిరాడడం మానేసింది. గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరు ప్రతిసారీ, ఇంకా తేదీ రాలేదా అనేవాడు, వాన ఇంకా పడలేదా అన్నట్టు. చివరికి ఆమెకు ముందు ఇద్దరు మిగిలారు. ఒకడు ఇస్త్రీ కొట్టామె మొగుడు. ఇంకొకాయన పాత కండక్టరు. మావాడు వరస మార్చడు. వాళ్లంతట వాళ్లు తప్పుకుంటే వాడికి అభ్యంతరం ఉండదు కదా. అడుక్కోవడానికి నేను బయల్దేరాను. నా జన్మలో ఎవరినీ ఏదీ అడిగినవాణ్ణి కాను.

ముందు ఇస్త్రీ కొట్టుకు వెళ్లాను. ఆమె మొగుడు ఒకప్పుడు లారీ క్లీనరు. తాగడం, మంచం మీద పడుకోవడం, పెళ్లాం తెచ్చింది తిని పెళ్లాన్ని తిట్టడం, ఇవీ వాడి పనులు. వాడు బతికి ఎవరికి లాభమో ఎవరికీ తెలియదు. నా మాట విని ఆమె చాలాసేపు చొక్కా కాలరు మీదే పెట్టెను ముందుకూ వెనక్కీ తిప్పింది.

"వదిన నాకు తోడబుట్టినదానితో సమానం అన్నా. కానీ ఆయన పోతే నన్ను తిట్టేవాడు కూడా ఉండడు."

"వాడు నీకు చేసిన ఉపకారం అదొక్కటే కదమ్మా" అన్నాను.

ఆమె ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది.

"వదిన చేసిన ఉపకారాలు లెక్కేసుకునే మీరు ఆమెను బతికించుకుంటున్నారా?"

చొక్కాలు తీసుకోకుండానే వచ్చేశాను.

కండక్టరిల్లు బస్సు డిపో వెనక ఉంది. తలుపు తీసిన కొడుకు గుండు చూస్తే నాకు విషయం అర్థమైంది. ఆయన పోయాడు. పోయిన మర్నాడే, అంటే ఆ పొద్దునే, నేను ఇల్లు వదిలాక ఆయన పేరు మీద ఆపరేషను తేదీ వచ్చిందట. మిషనుకు ఎవరు చెప్తారు? వీళ్లూ చెప్పలేదు. ఏడుపుల్లో ఫోను ఎవరు చూస్తారు అన్నాడు. ఆ తేదీ వచ్చే వారానికి, చచ్చిపోయినాయన పేరు మీద అట్లాగే ఉంది.

లోపలికి రమ్మనలేదు. గడపలోనే నిలబెట్టి అడిగాడు.

"మా నాన్న మీద రిపోర్టు రాసిన చెకింగాయన మీరే కదా?"

"నేనే."

"అప్పుడు మేం చిన్నపిల్లలం. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నాడు."

"డబ్బులు తీసుకుని టికెట్లు కొట్టలేదు. రాశాను."

"ఇప్పుడైతే రాయరా?"

"రాస్తాను."

అతను నావైపు చూసి నవ్వాడో, మరేదైనా చేశాడో తెలియదు. మా నాన్న ఉంటే మిమ్మల్ని మెట్లమీంచి దింపేసేవాడు, నాకు ఆయనంత పౌరుషం లేదు అన్నాడు. తేదీ రద్దు చేయడానికి తనే ఆస్పత్రికి వస్తానన్నాడు.

మా ఆవిడను కూడా తీసుకునే వెళ్లాం. ఇంట్లో ఒంటరిగా వదిలే పరిస్థితి లేదు. ఆస్పత్రి గుమాస్తా మంచివాడే. ఒకరి తేదీ ఇంకొకరికి రాసివ్వడం తన చేతిలో లేదన్నాడు. రద్దు చేయడం వరకే తన పనట. రద్దు చేయగానే అది ఖాళీగా కనపడుతుంది, ఎవరి వేలు ముందు పడితే వాళ్లది. పొద్దున్నయితే వేలమంది కాచుకుని ఉంటారు, ఈ మధ్యాహ్నం పూట ఎవరుంటారు, ఫోను పట్టుకుని నా ఎదురుగా నిలబడండి, నేను చెప్పి నొక్కుతాను అన్నాడు.

ఎవరుంటారు? పెద్దకోడలు ఉంటుంది. అది పగలూ రాత్రీ చూస్తూనే ఉంటుంది. తేదీ ఖాళీ కాగానే లాక్కుని వరసలో ముందున్నవాడికి ఇస్తుంది. ముందున్నవాడు లారీ క్లీనరు. కాబట్టి ముందు దాన్ని ఆపాలి. దాన్ని ఫోన్లోంచే ఆపవచ్చు. ఆ సంగతి దారిలోనే మావాడితో చెప్పాను. తలూపాడు. ఆస్పత్రి మెట్ల మీద మళ్లీ చెప్పాను. మళ్లీ తలూపాడు.

వాడు వాళ్లమ్మ వివరాలన్నీ ఫోన్లో నింపి వేలు ఆనించి నిలబడ్డాడు. గుమాస్తా సిద్ధమేనా అన్నాడు. నేను మావాడితో, ఆపావా అన్నాను. వాడు నావైపు చూడకుండా గుమాస్తాకు జవాబు చెప్పాడు.

"సిద్ధమే."

గుమాస్తా నొక్కాడు. మావాడు నొక్కాడు. గుమాస్తా తన తెరలోకి వంగి చూశాడు.

"పోయిందే. ఎవరో మీకంటే ముందున్నారు."

ఎవరో ఏమిటి. మావాడి ఫోను అప్పుడే మోగింది. వరసలో ఎవరికి తేదీ దొరికినా వాడికి మోగుతుంది. క్లీనరు పేరు చూపించింది. అదే సమయానికి ఇస్త్రీ కొట్టులో ఇంకో ఫోను మోగి ఉంటుంది. కండక్టరు కొడుకు కాసేపు నిలబడి, వస్తానండీ అని వెళ్లిపోయాడు.

ఆమె బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎవరికి వచ్చిందని అడిగింది. చెప్పాను.

"పోనీలెండి. మీరు మొహం అట్లా పెట్టుకోకండి. డాక్టరు చూస్తే ముందు మీకే కోస్తాడు" అని నవ్వింది.

ఆ నవ్వుకే ఆమెకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక మావాడు, ఇప్పుడు అమ్మకు ముందు ఎవరూ లేరు నాన్నా, రేపో మాపో వస్తుంది అన్నాడు. రేపు రాలేదు, మాపు రాలేదు. తరవాత ఒక పొద్దున ఆస్పత్రి పేజీలో బొమ్మలు వచ్చాయి. తేదీ కావాలంటే ముందు మనిషినని రుజువు చేసుకోవాలి. సైకిళ్లున్న గళ్లు ఏవో చూసి నొక్కాలి. ప్రోగ్రాములు ఎక్కువయ్యాయని ఆస్పత్రివాళ్లు పెట్టిన కొత్త తాళం అది. పెద్దకోడలు దాని ముందు గుడ్డిదానిలా నిలబడిపోయింది. అన్నాళ్లూ దుమ్ము తుడవనివ్వని మిషను ఒక్క పూటలో ఇనుప ముక్క అయింది. వీధిలో అందరి వరసా దానితోనే పోయింది. ఎవరికోసమైతే ఆపలేదో వాళ్లకూ మిగల్లేదు.

అప్పట్నుంచి పొద్దున్నే ముగ్గురం మూడు ఫోన్లతో కూర్చునేవాళ్లం. నేను తప్పు గళ్లు నొక్కేవాణ్ణి, నువ్వు మనిషివి కావనేది అది. మావాడి చేతులు తొందరలో తడబడేవి. ఆమె ఒక్కతే అన్నీ సరిగ్గా నొక్కేది. నెమ్మదిగా, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో బొమ్మా తేరిపార చూసి, "ఇది సైకిలేనా, రిక్షానా?" అని అడిగి నొక్కేది. సరైనదే అని వచ్చేసరికి తేదీలు అయిపోయి ఉండేవి.

అట్లాంటి ఒక పొద్దున, తేదీలు అయిపోయాక, ఫోను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మాత్ర ఇవ్వడానికి లేపితే లేవలేదు.

జనం వచ్చారు. ఇస్త్రీ కొట్టామె తల బాదుకుని ఏడ్చింది. ఆమె వెనకాల మొగుడు వచ్చాడు. ఆపరేషను అయ్యాక వాణ్ణి చూడడం అదే మొదటిసారి. మా మెట్లన్నీ ఎక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయాసం లేదు. రెండు చేతులూ జోడించాడు. నేను చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

అందరూ వెళ్లాక మావాడూ నేనూ మిగిలాం. నేను వాణ్ణి ఒక్కటే అడగాలనుకున్నాను. అడిగే తీరులోనే వాడికి జవాబు కూడా అందించాను. అంతకంటే దయ నాకు చేతకాదు.

"ఆ రోజు ఆస్పత్రిలో కంగారులో ఆపడం మరిచిపోయావు. అంతే కదా?"

అంతే నాన్నా అంటే సరిపోయేది. మరిచిపోయినవాణ్ణి తిట్టుకుంటూనైనా ఇంట్లో పెట్టుకుంటాను.



"మరిచిపోలేదు."

"మరి?"

"ఆపుదామనే ఫోను తీశాను. అమ్మ వెనకాల ఇంకా అంతమంది ఉన్నారు. ఆపితే మళ్లీ నడవదేమోనని… ఆపకపోయినా నేను ముందు నొక్కగలననుకున్నాను."

"నువ్వు రాసిన మిషను కంటే నీ వేలు ముందు పడుతుందనుకున్నావు."

వాడు చేతిలో ఫోనును నేల మీద బోర్లా పెట్టాడు.

"పడదని తెలుసా నీకు?"



"తెలుసు."

నేను లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. వాడు బయట నిలబడి నాన్నా అని పిలిచాడు. నెలాఖరుకి వేరే గది చూసుకుని వెళ్లిపోయాడు. ఆదివారాలు వచ్చి తలుపు తడతాడు. వాడి తట్టు నాకు తెలుసు, వాళ్లమ్మలాగే మెల్లగా తడతాడు. ఆపేదాకా కూర్చుని వింటాను.