కల్వర్టు దగ్గరి పెట్టె

నా భార్య కళావతి పోయిన తర్వాత ఖాజా మొహినుద్దీన్ మా ఇంటికి రావడం మానేశాడు. సుబేదారిలో మా సందుకూ వాళ్ల సందుకూ మధ్య రోడ్డు వెంట కొద్దిపాటి నడకే. వాళ్లమ్మ సుల్తానా బేగం మాత్రం వస్తూనే ఉంది. కళావతి కూర్చునే పీట పక్కన కాసేపు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఒకనాడు నోరు విప్పింది.

"సార్, పోరడు మనిషి తీరుగ లేడు. కాలేజీకి పోతాండు, రూముల తలుపేసుకుంటాండట. నా మిషినే కళావతమ్మను సంపిందంటాండు. చదివిందంత కాలవెడ్తనంటాండు. మీరొక్క మాట చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటడు."

"ఏమని చెప్పాలె బేగం?"

"నీ తప్పు లేదు బిడ్డా అని."

ఆ మాట నిజమో కాదో నాకు అప్పటికి తెలియదు. హైస్కూల్లో ఖాజాకు తెలుగు చెప్పినవాణ్ణి నేనే. తెలియని సంగతి తెలిసినట్టు రాస్తే కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు వాడి ముందు నిలబడి అదే పని ఎలా చేస్తాను?

కళావతికి నీటికాసులనే కంటిజబ్బు. హైదరాబాదు దాకా తిరిగినా చూపు నిలవలేదు. బాలికల పాఠశాలలో ఉద్యోగం వదులుకుంది. చూపు పోయినందుకు ఆమె పెద్దగా ఏడవలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవలసి రావడం మాత్రం ఆమెను కుంగదీసింది. సాయంత్రం సుల్తానా బేగం ఇంటికి వెళ్లి చాయ్ తాగి రావడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. నేను వెంట వస్తానంటే, "మీరొస్తే మేం ముచ్చట పెట్టినట్టుంటదా?" అని ఆగిపోయేది.

ఖాజా అప్పటికి ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. వైర్‌లెస్ మీద పరిశోధన చేస్తున్నాడు. ఒకరోజు మిఠాయి డబ్బా అంత పెట్టెనూ, చేతిలో పట్టే చిన్న ట్రాన్సిస్టరునూ తెచ్చి కళావతి ఒళ్లో పెట్టాడు. పెట్టె నుంచి బలహీనమైన తరంగం వస్తుందనీ, అది రోడ్డుకు అటువైపు దాకా వెళ్లేసరికే సన్నబడిపోతుందనీ చెప్పాడు. ఒక్కో పెట్టెకు ఒక్కో ధ్వని. ట్రాన్సిస్టరు తీగ చెవిలో పెట్టుకుంటే, దగ్గర్లో ఉన్న పెట్టె ధ్వని వినిపిస్తుంది. సన్నగా ఉంటే ఇంకా ముందుకు నడవాలి. నిండుగా వినిపిస్తే అక్కడికి చేరినట్టు.

"నువ్వెక్కడున్నవో ఇది చెప్పదమ్మా. నీ దగ్గర ఏమున్నదో చెప్తది. అంతే."

"అంతకంటె ఎక్కువ కండ్లున్నోళ్లకు మాత్రం ఎరికుంటదారా?" అంది కళావతి.

ఎప్పటికైనా ఇలాంటిది ప్రతి మనిషి జేబులో ఉంటుందని ఖాజా నమ్మకం. హనుమకొండ చౌరస్తాలో దిగిన కొత్తవాడికి బస్సు ఎక్కడ ఆగుతుందో, దవాఖాన ఎటుందో అదే చెబుతుందట. వాళ్ల ప్రొఫెసరు నవ్వాడట. కళావతి నవ్వలేదు.

నాలుగు పెట్టెలు పెట్టాడు. ఒకటి మా గేటుకు. రెండోది మా సందు రోడ్డును కలిసే చోట, కల్వర్టు పక్కన మొగిలయ్య సైకిల్ దుకాణంలో. మూడోది ఆ వరుసలోనే ఉన్న కిరాణా కొట్టులో. నాలుగోది వాళ్ల ఇంటి గడపకు. కల్వర్టు పెట్టె నిండుగా మోగగానే ఆమె ఎడమవైపు తిరగాలి. అక్కణ్ణుంచి రోడ్డు పక్కనే నడక, ఎక్కడా రోడ్డు దాటే పని లేదు.

కల్వర్టు పెట్టె ఆగి ఆగి మోగేది. కళావతి దానికి మొగిలయ్య దగ్గు అని పేరు పెట్టింది.

"నీ పెట్టె దగ్గుతాంది మొగిలన్నా. జర దవాఖానకు తీస్కపోరాదు?"

"దానికేమైంది తల్లీ, గట్టిగనే ఉన్నది. బీడీలు నేను తాగితె దగ్గు దానికొచ్చింది."

ఆ వేసవి మొదలుకొని ఆమె రోజూ ఒంటరిగానే వెళ్లి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర నన్ను పిలిచేది కాదు. తలుపు తానే తీసుకుని లోపలికి వచ్చి, "వచ్చిన" అనేది. ఆ ఒక్క మాటలో ఎంత ఉండేదో నేను రాయలేను.

దసరానాడు గారెలు చేసి, గిన్నెలో సర్ది, మూత మీద గుడ్డ కట్టి సుల్తానా బేగానికి ఇచ్చివస్తానని బయలుదేరింది. పండుగ పూట రోడ్డు మీద అలికిడి లేదు. మామూలు రోజుల్లో బస్సులూ రిక్షాలూ చేసే చప్పుడే రోడ్డు ఎక్కడుందో ఆమెకు చెప్పేది. ఆ రోజు అది లేదు. కల్వర్టు దగ్గర ఆమె ఎడమకు తిరగలేదు. తిన్నగా రోడ్డు మీదికి నడిచింది. కాజీపేట వైపు నుంచి లారీ వచ్చింది.

మొగిలయ్యే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చాడు. ఆమెను చేతులమీద ఎత్తి జీపులో పడుకోబెట్టింది అతనే. దవాఖాన చేరేలోపే అయిపోయింది.

ట్రాన్సిస్టరును ఖాజా మర్నాడు విప్పి చూశాడు. అందులో లోపం కనబడలేదు. లోపం కనబడకపోవడమే వాడికి మరింత నరకమైంది.

సుల్తానా బేగం అలా అడిగి వెళ్లిన కొన్నాళ్లకు నా సైకిల్ చైన్ వదులైంది. మొగిలయ్య దుకాణం దాటి పోవడమే తప్ప అప్పటిదాకా అక్కడ ఆగలేదు. ఆ రోజు ఆగాను. అతను సైకిలును తలకిందులు చేసి, చైన్ చేత్తో లాగి చూస్తూ, నన్ను చూడకుండానే మాట్లాడాడు.

"సార్, నా మనసుల ఒక్కటే గుచ్చుతాంది. గా పొద్దు దుకాణం తెరిచున్నా బాగుండు. తల్లీ ఆగు అని ఒర్రుదును."

"పండుగ కదా మొగిలయ్యా."

"పండుగే గదా సార్ ఆగం చేసింది. పొద్దుగాల్నే పానాలు, సుత్తె, పంపు అన్ని ఇంటికి తీస్కపోయిన. కడిగి పూజకు పెట్టిన. అమ్మ పెట్టెను మర్సిననుకుంటాన్రా? మర్వలే. అన్నిటికంటె ముందల పెట్టిన. పసుపు రాసి బొట్టు పెట్టిన."

చైన్ మీంచి నా చూపు మేకుకు వేలాడుతున్న పెట్టె మీదికి వెళ్లింది.

"పెట్టెను ఆపేశావా?"

"గదెట్ల బంద్ చేస్త సార్? పూజల పెట్టినంక దీపం ఆర్పుతమా? మోగుతనే ఉన్నది. తెల్లారి తెచ్చి మల్ల మేకుకు తలిగేసిన."

మొగిలయ్య ఇల్లు రోడ్డుకు అవతల, కల్వర్టుకు సరిగ్గా ఎదురుగా ఉంది. దుకాణం ముందు నిలబడితే వాకిలి కనిపిస్తుంది.

సందు చివరికి వచ్చేసరికి కళావతికి ఆ దగ్గు సన్నగా వినిపించి ఉంటుంది. ఇంకా చేరలేదనుకుని ఉంటుంది. ముందుకు నడిచేకొద్దీ ధ్వని పెరిగింది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. పెట్టె అసలే మోగకుండా ఉంటే ఆమె నిలబడిపోయేది.

"ఏమాయె సార్? మొకం గట్లయిందేంది?"

"ఏం లేదు. చైన్ బిగించు."

ఆ మాట చెబితే ఖాజా బతుకుతాడు. కానీ అది మొగిలయ్య చెవిన పడితే, ఆమెను ఎత్తిన ఆ చేతుల్ని అతను ఎప్పటికీ ఎలా చూసుకుంటాడు? ఈ రెంటి మధ్యా నేను చాలా రోజులు నలిగాను. పాఠం మధ్యలో ఆగిపోయేవాణ్ణి. కళావతి గుర్తొచ్చి ఆగాననుకుని పిల్లలు పుస్తకాల్లోకి తల వంచేవాళ్లు.

చివరికి కాలేజీకి వెళ్లాను. ఖాజా గదిలో బల్లమీద తీగలన్నీ కత్తిరించి కుప్పగా పోసి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగింది.

"నీ పరికరం సరిగానే పని చేసింది ఖాజా. కల్వర్టు పెట్టె ఆ రోజు దాని చోట లేదు."

వాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఎవరు తీసిండ్రు సార్?"

నేను పేరు చెప్పకపోయినా అది దాగేది కాదు.

"మొగిలన్నేనా?" అన్నాడు. "ఎందుకు తీసిండు?"

"పూజకు."

కుర్చీలో కూలబడ్డాడు. "మీ సొంత సామాను లెక్క చూసుకోండ్రి అని నేనే చెప్పిన సార్. నలుగురికీ చెప్పిన. కదిలియ్యొద్దని మాత్రం చెప్పలే." మళ్లీ లేచాడు. "ఆయనకు ఎరుక కావాలె సార్. నేను పోయి చెప్త. ఇన్నొద్దులు నేనొక్కన్నే మోసిన."

"చెబితే నీకు తేలికవుతుందా?"

"అయితది," అన్నాడు. అబద్ధమాడలేదు.

"అయితే వెళ్లు. నేను అడ్డుపడను. ఆమె నీకూ అమ్మే."

ఆదివారం పొద్దున వెళ్తానన్నాడు. నాకు ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. ముందే వెళ్లి మొగిలయ్య దుకాణంలో స్టూలు మీద కూర్చున్నాను. ఖాజా వచ్చి సైకిల్ దిగాడు. వాణ్ణి చూడగానే మొగిలయ్య ట్యూబు వదిలేసి, భుజం మీది తువ్వాలతో బల్ల తుడిచాడు.

"రా సారూ! ఎన్నొద్దులాయె నువ్వు కండ్లవడక. కూసో. చాయ్ చెప్తా. గియ్యాల పెట్టె కోసమే వచ్చినవా? సెల్లులు దిగిపోతె నేనే కొత్తయి ఏసిన. అమ్మ లేకున్నా ఇంకో కండ్లు లేనోళ్లకు అక్కరకొస్తది గదా?"

పెట్టె మేకుకు వేలాడుతోంది. దాని మీద పసుపు ఎండి పొక్కులు లేచింది. ఖాజా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మాట ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తోంది. అంతలో మొగిలయ్యే అడిగాడు.

"నిజం చెప్పు సారూ. గా పొద్దు ఏమాయె? గిన్ని నెలలు మంచిగ తొవ్వ చూపిన మిషిను గా ఒక్కనాడు ఎట్ల తప్పింది? నాకు పండుకుంటె గదే కలలకొస్తాంది."

ఖాజా నావైపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు, తల ఊపనూ లేదు.

"మిషిన్ల వైరు తెగింది మొగిలన్నా," అన్నాడు. "నేను చూసుకోలే."

మొగిలయ్య ముఖం ఎర్రబడింది. చేతిలోని పానా నేలకేసి కొట్టాడు.

"చూసుకోలేదా? గింత సదువు సదివినవు, ఒక్క వైరు చూసుకోవా? రెండు రూపాయల ట్యూబుకు నేను నీళ్లల్ల ముంచి మూడుమాట్ల చూస్త. ఆ తల్లి పానం నీ చేతుల పెట్టింది గదా సారూ! ఎట్ల మనసొప్పింది?"

తిడుతూ తిడుతూనే ఏడ్చాడు. ఖాజా తల వంచుకుని నిలబడ్డాడు. "అవును అన్నా," అన్నాడు. ఆ తర్వాత మళ్లీ, "అవును," అన్నాడు.

ఒక్క వాక్యంతో ఆ తిట్లు ఆపగలిగేవాణ్ణి నేను. స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాను. చాయ్ వచ్చింది. మొగిలయ్య ముక్కు చీది, గ్లాసు ఖాజా చేతికి తానే అందించాడు. ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు.

ఖాజా పెట్టెను సంచిలో పెట్టుకున్నాక ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ రోడ్డు పక్కన నడిచాం. కిరాణా కొట్టు దాటాక వాడు సంచి తడిమాడు.

"ఇంకొకటి చేస్త సార్," అన్నాడు. "ఎవరన్న చోటు కదిలిస్తె దానంతటదే బంద్ అయ్యేటట్టు."

"అప్పుడు ఏమీ వినబడదు కదా."

"వినబడదు. మనిషి ఆగుతది."

"ఆమె ఆగేది," అన్నాను.

వాడు తన సందులోకి తిరిగాడు. హనుమకొండ పోయే బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. నేను కొంచెంసేపు అక్కడే నిలబడి ఇంటికి వచ్చాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. "వచ్చిన" అనలేదు.