పెరటి గుమ్మం దగ్గర మూట

"మీరేమిట్లు?" అని ఇంటావిడ మా కులం అడిగిన రోజే నా గుండె జారిపోయింది. మా ఆయన నీళ్లు నమిలి, "అందరితో కలిసిపోయేవాళ్లమండీ" అన్నాడు. ఆవిడ ఎగాదిగా చూసి తాళాలిచ్చింది.

చాకలివాళ్లమని తెలిసి అంతకుముందున్న ఇల్లు ఖాళీ చేయించారు. అందుకే ఈ మేడమీద సగం అట్టపెట్టెలు విప్పకుండానే కాపురం పెట్టాను. "అత్తా, నోరు జారకు" అని మా అత్తకు వెయ్యిసార్లు చెప్పాను. నోటికి తాళం వేసింది మహాతల్లి. చేతులకూ వేయమని చెప్పడం నాకే తట్టలేదు.

ఆ సాయంత్రం ఉన్నట్టుండి వాన. నేను పొయ్యి కట్టేసి డాబా మీదికి పరిగెత్తేసరికి దండేలన్నీ ఖాళీ. అత్త మా బట్టలు ఓ పక్కన పడేసి, ఇంటావిడవి చక్కగా మడతలుపెట్టి, దుప్పట్లో మూటకట్టి, నెత్తిన పెట్టుకుని మెట్లు దిగిపోతోంది. ముందు గుమ్మానికి వెళ్లినా బాగుండేది. పెరటివైపు వెళ్లి, గడప ఇవతలే నిలబడి, పాతరోజుల్లో లాగే కేకేసింది.

"అమ్మా, బట్టలు తెచ్చానమ్మా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొంప మునిగింది, మళ్లీ ఇళ్లవేట తప్పదనుకుంటూ పడుతూ లేస్తూ దిగాను.

తలుపు తెరుచుకుంది. ఇంటావిడ అత్తను చూసింది, మూటను చూసింది. మా అత్త వేసే చాకలిమూట ముడి లోపలి కొస పట్టి లాగితే తప్ప ఊడదు. తెలియనివాళ్లు గోళ్లు విరగ్గొట్టుకోవాల్సిందే. ఆవిడ మా మొహాలు చూస్తూనే ఆ కొస పట్టి ఒక్క లాగు లాగింది. మూట విచ్చుకుంది.

నేను నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మా అమ్మ నేర్పింది" అంది చిన్నగా.

అత్తే ముందు తేరుకుంది. "మరి మమ్మల్నెందుకు అడిగావే తల్లీ, మీరేమిట్లని?"

"నన్నెవరూ అడక్కముందే నేనే అడిగేస్తాను పిన్నీ. అడిగేవాళ్లని ఎవరూ ఎదురడగరు."

పిన్నీ! అంతవరకూ "ఏమండీ" తప్ప మరోమాట లేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకోలేదు.

"ఇంతకీ మీరేమిట్లండీ?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"అందరితో కలిసిపోయేవాళ్లం" అని ఆవిడ ఫక్కున నవ్వింది. అత్త చెయ్యి పట్టుకుని, "బయట నిలబడ్డావేం పిన్నీ, తడిసిపోతావు, లోపలికి రా" అంది.

అత్త గడప దాటింది. నేను పైకి వెళ్లి అట్టపెట్టెలు విప్పడం మొదలుపెట్టాను.