ఆరు మూరల పాదు

పదకొండు తట్టల మట్టి మిగలకూడదు కదా అని మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది పోశాలు ఆలోచన. తవ్విన మట్టి పొంగుతుంది, నిజమే. గట్టి నేల విరిగితే గుల్లబారి పెరుగుతుంది. తట్టెడు మిగలవచ్చు, రెండు తట్టలు మిగలవచ్చు. కానీ తీసిన గుంతలోనే తీసిన మట్టి పోసి, బూటుకాళ్లతో తొక్కి, ఆపైన పదకొండు తట్టలు మిగిలాయంటే ఆ గుంతలోకి మట్టి కానిది ఇంకేదో పోయినట్టే. ముప్పై ఏళ్లుగా ఈ గడీలో చెట్లు పెట్టిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పనక్కర్లేనిది కాబట్టే తనకు తెలియదని అనుకోవడం కూడా కుదరడం లేదు.

నేరేడు చెట్టు కింద గొంతుకూర్చుని పార అంచుతో పాదు గట్టును చెక్కుతున్నాడు. నిన్న రాత్రి వాన కొట్టింది. గట్టు ఒకచోట జారింది. చెక్కిన అంచు కత్తితో కోసినట్టు నిలబడితే తప్ప అతనికి చేయి ఆగదు. దొర మెచ్చుకోవాలనేం కాదు, చేతికి అలా అలవాటైపోయింది. ఈ తొమ్మిది రోజుల్లో తనమీద తనకు అసహ్యం పుట్టించింది ఆ అలవాటే. లోపల ఏమున్నా చేయి మాత్రం తన పని తాను ముద్దుగా చేసుకుపోతోంది.

నర్మెట్ట దాటాక వాగు ఇవతలి ఊళ్లో జగపతిరావు దొర గడీ అది. దొరల మీద సంఘం లేచిన ఏడాది దొర పట్నం పారిపోయాడు. మిలిటరీ వెనకాలే తిరిగొచ్చి, గడీలో సగం క్యాంపుకు ఇచ్చాడు. ముందరి వాకిట్లో ఉన్నది ఈ ఒక్క చెట్టే. పట్టుకొచ్చిన మనుషులను దీనికే కట్టేసేవాళ్లు. జ్యేష్ఠంలో రాలిన నేరేడు పళ్లు చితికి నేలంతా ఊదారంగు మరకలు పడ్డాయి. ఏది పండు మరకో, ఏది కాదో పోశాలు చూడడం మానేశాడు.

తొమ్మిది రోజుల కిందట వాగు అవతలి ఊరి సదానందాన్ని తెచ్చి కట్టేశారు. ఇరవై నాలుగేళ్లవాడు. సంఘంలో తిరిగేవాడు. సాయంత్రం వరకు బతికే ఉన్నాడు. పోశాలు బిందెతో పక్కనుంచి పోతుంటే తల ఎత్తి చూశాడు. నీళ్లు అడగలేదు. అడిగితే ఈ ముసలివాడికి దెబ్బలు పడతాయని ఊరుకున్నాడేమో. లేక అసలు చూడనే లేదేమో, కళ్లు వాచిపోయి ఉన్నాయి కదా. ఈ రెండింటిలో ఏది నిజమో ఎప్పటికీ తేలదు. ఆ పూట పోశాలును తొందరగా ఇంటికి పంపేశారు. పొద్దున వచ్చేసరికి మోకు ఒక్కటే చెట్టుకు వేలాడుతోంది. చెట్టు మొదలు దగ్గర నేల కొత్తగా కదిలి ఉంది.

గుమాస్తా హన్మంత్ తమలపాకు నములుతూ అక్కడే నిలబడ్డాడు.

"ఏంది పోశాలూ, దయ్యాన్ని చూసినట్టు జూస్తున్నవ్? చెట్టుకు పాదు చెయ్యి. గుండ్రంగ, ముద్దుగ ఉండాలె. పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తున్నరు."

"పాదు మొన్న ఉగాదికే చేసిన గదనయ్యా."

"మల్ల చెయ్యి. మట్టి బాగ మిగిలింది, గట్టుకు పనికొస్తది." ఉమ్మి, నవ్వాడు. "ఇంక మిగిల్తె జర నీ నోట్ల గూడ పోసుకో."

పాదు చేసే పద్ధతి ఒకటే. మొదలు చుట్టూ తాడు వదులుగా వేసి, కొసకు పుల్ల కట్టి, నేల మీద గుండ్రంగా గీత గీయాలి. గీత వెంట పార దించి అంచు కోయాలి. మట్టి బయటికి లాగి గట్టు వేయాలి. లోపల ఆకు పరవాలి. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలాలి, లేకుంటే చెదలు పట్టి బెరడు కుళ్లుతుంది. నేరేడుకు నాలుగు మూరల తాడు చాలు. ఆ రోజు పోశాలు ఆరు మూరలు వదిలాడు. ఎవరూ చెప్పలేదు. పార పిల్లగాడి కాళ్లకు తగులుతుందని భయపడ్డాడా, లేక గుంత అంచు ఎక్కడా కనపడకుండా హన్మంత్ అడిగిన దానికన్నా బాగా దాచి పెట్టాడా? తల్లి వచ్చి అడిగితే మొదటిది చెప్పుకోవచ్చు. రెండోది కూడా ఉందని అతనికి తెలుసు.

మిగిలిన పదకొండు తట్టలూ గట్టుకే పట్టాయి. మనిషంత మట్టి.

వాన పడ్డప్పుడల్లా ఒకచోట నేల దిగేది. దిగినచోట వేపాకు, ఎండుటాకు తెచ్చి పోయడమే రోజూ పొద్దున చేసే మొదటి పని. బయటినుంచి చూసేవాళ్లకు ఈ ఊరంతటిలో ఇంత సాకుడు దొరికిన చెట్టు ఇంకోటి లేదనిపిస్తుంది.

రెండోనాటి నుంచే వీరమ్మ రావడం మొదలైంది. సదానందం తల్లి. వాగు దాటి వచ్చి, గడీ తలుపు బయట ఎండలో నిలబడేది. కాపలా సిపాయిది ఎక్కడి దేశమో, తెలుగు రాదు. ఆమె సద్ది ముంత చూపించి కొడుకు పేరు చెబితే, అతను నోటి దగ్గర వేళ్లు పెట్టి తినే సైగ చేసి, పోశాలును కేకేశాడు. లోపలికి తీసుకుపొమ్మన్నట్టు చేయి ఊపాడు. ఆ సిపాయికి కూడా ఏమీ తెలియదేమో. లోపల ఉన్నవాళ్లెవరో, లేనివాళ్లెవరో అతనికెవరు చెబుతారు?

"తమ్మీ, లోపలున్నడా నా కొడుకు? జర గీ జొన్న గటక పెట్టు. పచ్చిపులుసు గూడ ఉంది."

చెబుదామనే తలుపు దగ్గరికి వెళ్లాడు. అరుగు మీద హన్మంత్ కూర్చుని ఉన్నాడు. పోశాలు నోరు తెరిస్తే "ఇస్తనక్కా" అని వచ్చింది. ఆ ఒక్క మాటతో సదానందం ఆమె లెక్కలో బతికాడు.

ముంత పట్టుకుని పశువుల కొట్టం వెనక్కి పోయాడు. పారబోస్తే కుక్కలు మూగుతాయి. నిండు ముంత తిరిగిస్తే ఆమెకు తెలిసిపోతుంది. తిన్నాడు. మొదటి ముద్ద గొంతులో దిగలేదు, రెండోది దిగింది. నాలుగోనాటికి గొడ్ల కొట్టం వెనక్కి నడుస్తుంటేనే నోట్లో నీళ్లు ఊరాయి. ఇంట్లో పెళ్లాం నర్సమ్మ సాయంత్రం గంజి పోస్తూ అననే అంది.

"ఏంది, గడీల విందులైతున్నయా? నాలుగొద్దులైంది, తళెల సగం ఇడిసిపెడుతున్నవ్."

"ఆకలైతలేదు."

"నీకు ఆకలి కాకపోవుడా! గడీ గోడలు గూడ తినేటోనివి."

ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు. ఆ రాత్రి పడుకున్నాకే మెరుపులా తట్టింది. మనిషి పోయిన మూడోనాడు వండిన బువ్వ ఆకులో పెట్టి పూడ్చినచోట ఉంచుతారు. ఉంచి అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముడితేనే పోయినవాడు తృప్తిపడ్డట్టు. ఆ మూడోనాడు కూడా వీరమ్మ సద్ది తెచ్చింది. ఏమీ తెలియకుండానే, కన్నతల్లి తన చేత్తో వండి, వేళ తప్పకుండా, కొడుకు పడుకున్నచోటికి నూరు అడుగుల దూరం వరకు తెచ్చింది. ఆ మెతుకులు పిట్ట ముట్టలేదు. పోశాలు తిన్నాడు.

అప్పటినుంచి అతనికి ఒక పిచ్చి ఊహ పట్టుకుంది. సదానందం తృప్తిపడలేదని కాదు, ఆ ముద్ద తన కడుపులో కూర్చుని ఎదురుచూస్తోందని. గట్టు చెక్కుతున్నప్పుడు, ఆకు పోస్తున్నప్పుడు అది కదులుతున్నట్టు ఉండేది. చెట్టు నిండా కాకులు. పళ్ల కోసం వచ్చి పొద్దంతా అరుస్తాయి. వాటివంక తలెత్తి చూడలేకపోయాడు.

పార పక్కన పెట్టి నడుం నిమురుకుంటుంటే సిపాయి కేక వినపడింది. ఆమె వచ్చింది.

ఈరోజు వీరమ్మ తల దువ్వుకోలేదు. కొంగు తల మీదుగా లాక్కుని, ముంత రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని నిలబడింది. ముంత మీద మోదుగాకు మూత. ఆమె ఖాళీ ముంత అందుకునేటప్పుడు దాని లోపలికి చూసుకోవడం పోశాలు రోజూ గమనిస్తూనే ఉన్నాడు. కానీ ఈరోజు ముంత చాచలేదు.

"నిన్న తిన్నడా తమ్మీ?"

"తిన్నడక్కా."

"మొత్తం తిన్నడా?"

"మొత్తం."

"కూర ఎట్లుందన్నడు?"

"ఏమనలే."

వీరమ్మ కాసేపు అతని ముఖంలోకి చూసింది.

"నిన్న కూరల ఉప్పెయ్యలే నేను," అంది. "వాడు చిన్నప్పటికెళ్లి ఉప్పు జర తక్కువైనా తళె ఇసిరికొడ్తడు. వాళ్ల నాయిన రెండుమాట్ల తన్నిండు గూడ గందుకే."

పోశాలు నిన్నటి ముద్దలు గుర్తుచేసుకున్నాడు. నిన్న తిన్నప్పుడు ఉప్పు లేదని తనకు తెలిసిందా? తెలియలేదు. రుచి చూసే తిన్నాడా అసలు? ఆమె ఉప్పు మరిచిపోయిందా, కావాలని వేయలేదా? ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

ఆమె మళ్లీ తనే అతనికి దారి ఇచ్చింది. "ఆకలి గట్ల ఉంటదేమో తీ. లోపలున్నోనికి ఉప్పేంది, కారమేంది."

"అవునక్కా," అన్నాడు. అనగానే తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది.

"ఏడ్వనీకి నాకు భయం లేదు తమ్మీ. బతికున్నోని కోసం ఏడుస్తనేమో అని భయం. కోడలు యాకమ్మ పొద్దున లేవంగనే బొట్టు వేలికి అద్దుకుని నా మొకం జూస్తది. పెట్టుకోవాల్నా అత్తా అని. నేనేం జెప్పాలె? పెట్టుకొమ్మంటె ఒక పాపం, వద్దంటె ఇంకో పాపం. పొద్దెక్కేదాంక ఆ పోరి వేలు గట్లనే పట్టుకుని కూసుంటది." అరుగు వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు పిల్లలు గల్లోనివి. నేను నిన్ను బయట పెట్టను. ఎవలు జెప్పిండ్రని ఎవలడిగినా నీ పేరు రాదు నా నోట."

అరుగు మీద హన్మంత్ కుర్చీ కిర్రుమంది. "ఏం పురాణమే ముసల్దానా? ఇచ్చి పో! రోజు తెచ్చి మేపుతున్నవ్, అల్లునికి పెట్టినట్టు!"

సిపాయి అర్థం కాకపోయినా నవ్వాడు.

వీరమ్మ ముంత చాచింది. "ఇయ్యాల వరిబువ్వ వండిన," అంది మెల్లగా. "బియ్యం బదులు తెచ్చి మరీ. ఎందుకు వండిన్నో నాకే ఎర్కలే."

ముంత వెచ్చగా ఉంది. ఆమె అడిగినదానికి జవాబు ఒక్క మాట. ఆ మాట గొంతు వరకు వచ్చి, అరుగు మీద మనిషిని చూసి, మళ్లీ కిందికి దిగింది. దిగిందని తెలియడం అతనికి కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా ప్రతి మాటా ఇలాగే దిగింది. వెట్టికి పిలిచినప్పుడు, చెప్పులు చంకన పెట్టుకుని ఈ తలుపు దాటినప్పుడు, కట్టేసిన పిల్లవాడి పక్కనుంచి నిండు బిందెతో నడిచిపోయినప్పుడు. నోటి నుంచి అది రాదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ రాదు. సంఘం వచ్చిన ఆ ఏడాది అందరూ అరిచిన రోజున కూడా అతని పెదవులే కదిలాయి.

తిరిగి నడిచాడు. కొట్టం ఎడమవైపు. ఇన్ని రోజుల అలవాటుకు అడుగు అటే పడింది. రెండో అడుగు పడలేదు. వెనక ఆమె చూపు వీపు మీద ఉంది. ఆమె ఇంకా కదలలేదని చూడకుండానే తెలుసు. తలుపు దగ్గర నిలబడితే చెట్టు పూర్తిగా కనపడుతుంది, ఆ సంగతీ తెలుసు. హన్మంత్ ఈ ఊరివాడే, చూస్తే అర్థం చేసుకుంటాడు. అర్థం చేసుకుంటే మోకు చెట్టుకే ఉంది. నర్సమ్మ తళె ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. భయం ఏమాత్రం తగ్గలేదు. తగ్గాక చేద్దామని ఇన్నాళ్లూ ఆగింది తప్పని మాత్రం తోచింది. అది తగ్గేది కాదు.

కుడివైపు తిరిగి చెట్టు దాకా నడిచాడు. తాను చెక్కిన గట్టు మీద కాలు పడకుండా దాటాడు. నేల దిగినచోట, పొద్దున తానే పోసిన ఆకు మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. లోపలి పిల్లగాడి తల ఎటువైపో తెలియదు. తూర్పు అనుకున్నాడు.

"ఒరేయ్ పోశాలూ! ఏం జేస్తున్నవ్‌రా ఆడ?" హన్మంత్ కుర్చీలోంచి లేచాడు.

పోశాలు చేత్తో ఎండుటాకును అటూ ఇటూ జరిపి, తడి మట్టి కనపడేలా చోటు చేశాడు. మోదుగాకు పరిచాడు. బువ్వ ఒక్క మెతుకు మిగలకుండా ఆకులో పెట్టాడు. లేచి, ఆకువైపు వీపు తిప్పకుండా, పిట్టకు చోటు వదిలే మనిషిలా వెనక్కి వెనక్కి నడిచి ఆరు మూరల గట్టు దాటి ఇవతల నిలబడ్డాడు.